చప్పుడు తగ్గించు

పద్ధతి ఏమిటో కాగితం మీద రాసివ్వమన్నావు, షియో.
సెమిస్టర్ సోమవారం మొదలు.
కుతాయిసిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు కనుక
ముందే రాస్తున్నాను.

ప్రశ్న అడిగాక పదకొండు దాకా లెక్కపెట్టు,
బల్ల కింద, వేళ్ళు వాళ్ళకి కనపడకుండా.
మొదటి ఏడాది నేను నాలుగు దాకా కూడా ఆగలేక
నా ప్రశ్నలన్నిటికీ నేనే జవాబులు చెప్పుకున్నాను.
ఆ ఏడాది జార్జియన్ బాగా నేర్చుకున్నది నేనొక్కదాన్నే.

క్రియల పట్టికలు తెర మీద పెట్టకు.
వంటింట్లోకి పంపు. చేతికి దొరికింది తెమ్మను.
వాల్పరైసో నుంచి ఒస్వాల్దో జల్లెడ తెచ్చాడు,
పేరు తెలీక చిల్లుల గిన్నె అన్నాడు.
దిద్దలేదు. ఆ వారమంతా అందరం అదే అన్నాం.
అసలు మాట దానంతటది వచ్చింది
తొమ్మిదో పాఠంలో, పిలవని చుట్టంలా.

ఇక ఆ అక్షరం.
గొంతు అడుగున తలుపు వేసి, ఊపిరి బిగబట్టి,
ఒక్కసారి తెరిస్తే వచ్చేది.
కప్ప నీళ్ళలో అరుస్తోందన్న వాక్యం ఉంది కదా,
మూడు మాటల్లోనూ అదే.
అందరి గొంతుల్లోనూ పచ్చి వెలక్కాయ.
ఘెంట్ నుంచి లీస్‌బెత్ ప్రతి క్లాసులో పలికేది,
నాకు వినపడేది ఖాళీ.
దగ్గరగా చెప్పు అన్నాను, గట్టిగా చెప్పు అన్నాను,
నోరు తిరగదులే అని మార్కులు కూడా తగ్గించాను.
ఈ మాట రాసేముందు రెండుసార్లు కలం ఆపాను.

సెహెర్ సంగతి నీకు తెలీదు.
సరిహద్దుకు అవతల, బోర్చ్కా.
ఇంట్లో నాయనమ్మది మన భాషే, బడిలో కాదు.
అర్థమవుతుంది, నోటికి రాదు.
ఏడు వారాలు మైకు మూసే ఉంచింది.
పేరు పెట్టి పిలవలేదు. రాత్రిళ్ళు ఆడియో ముక్క పంపేదాన్ని,
నిమిషం లోపు: మా మెట్ల మీది పిల్లి గురించి,
జున్ను ధర గురించి.
ఎనిమిదో వారం తిరుగు ముక్క వచ్చింది.
మాటల్లేవు. టక్, టక్, టక్.
నాయనమ్మ హేజెల్‌నట్ కాయలు పగలగొడుతోంది.
మధ్యలో ఎవరినో కేకేసింది,
ఏ ప్రయాసా లేకుండా, ఆ అక్షరం.

ఫోనులో ఉంది. క్లాసులో లేదు.
ఆ రాత్రి సెట్టింగులన్నీ ఒక్కొక్కటీ తెరిచాను.
ఒకచోట టిక్కు: చప్పుడు తగ్గించు.
కుర్చీ కిర్రుమన్నా, కాయ పగిలినా,
మనం మన అక్షరం పలికినా
దానికి ఒకటే.

టిక్కు తీయించు, షియో. మొదటి రోజే, అందరి చేతా.
కుక్కలు వస్తాయి, పక్కింటి డ్రిల్లింగ్ వస్తుంది. రానీ.
ఆ గురువారం క్లాసంతా గోల.
లీస్‌బెత్ కప్ప అరిచింది, చక్కగా.
మార్చి నుంచీ అలాగే అరుస్తోందట.
క్షమించమని ఆమె భాషలో నేర్చుకుని చెప్పబోయి తడబడ్డాను.
ఆమె పదకొండు దాకా ఆగింది.

సెహెర్ మైకు తెరుచుకుంది.
ముందు కాయలు. తర్వాత నాయనమ్మ గొణుగుడు.
ఆ తర్వాత, తలుపు వేసి తీసినట్టు, సెహెర్:
"జల్లెడకి మా వైపు వేరే పేరుందట."
చెప్పింది.
ఆ పేరు నేనెప్పుడూ వినలేదు.
కలం వెతుక్కున్నాను.