గేటు దగ్గర మలుపు

గ్లెన్‌బాన్ జలాశయం. శనివారం. ఇంకా ఐదున్నర కాలేదు,
డిసెంబరు ఉక్క అప్పుడే మెడ మీద కూర్చుంది.
పడవ క్లారీది, పెట్రోలు నాది,
తగవు ఇద్దరిదీ.

"హై, హైమా" అంటాడు ఎక్కుతూనే.
అది హాస్యమని ఎనభైకి దగ్గరపడ్డ మనిషి నమ్మకం.
మూడేళ్లుగా నవ్వుతున్నాను.

బాస్ అంటే ఇక్కడ యజమాని కాదు, చేప.
దాని కోసం ఆయన లాగుతాడు, నేను విసురుతాను.

లాగుడంటే
వెనక రెండు గాలాలు లోతుకు వదిలి
మోటారు గొణుగుతుంటే
మనిషి నడక కన్నా ఒక పిసరు జోరుగా
నీళ్లన్నీ తిరిగి రావడం.
చుక్కాని మోచేతి కింద, థర్మాస్ మోకాళ్ల మధ్య.
"చేప ఎక్కడుందో నీకు తెలుసా?
నాకూ తెలీదు. తెలీనివాడు తిరగాలి."

విసురుడు వేరు.
ఒడ్డు చెట్టు నీడ నీటికి ఆనేచోట
జానెడు జాగా చూసుకుని
మణికట్టు ఒక్క విదిలింపు.
ప్లాస్టిక్ ఇలకోడి గాల్లో సన్నగా గీత గీసి
టప్‌మని పడుతుంది.
వలయాలు చెరిగిపోయేదాకా కదపకూడదు.
మనసులో పదకొండు లెక్కపెట్టి
అప్పుడొక చిన్న వణుకు,
కొమ్మ జారిన పురుగుకి
తన పొరపాటు తెలిసొచ్చినట్టు.

వారమంతా స్కోన్ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను.
ఊపిరి బిగబట్టండి, కదలకండి, అంటాను.
శనివారం ఆ మాట నాకే చెప్పుకుంటాను.

"నువ్వు ఒక్క తలుపే తడతావు" అంటాడు క్లారీ.
"నేను పాలవాణ్ణి. వీధంతా నాదే."

ఈ రోజు ఆయన పాలు ఎవరూ పోయించుకోలేదు.
నా తలుపూ తెరుచుకోలేదు.
తొమ్మిదయింది. ఎండ.
ఆయన మళ్లీ అక్కడే పడవ తిప్పాడు,
ప్రతిసారీ తిప్పేచోటే, లంబకోణంలో,
చెట్టూ లేదు, బండా లేదు, తెరమీద చేప చుక్కయినా లేదు.
చిరాకేసింది.
ఇక్కడేముందని, క్లారీ?

"గేటు" అన్నాడు.

నేను ఏమీ అనకపోయేసరికి
థర్మాస్ మూత తిప్పుతూ తిప్పుతూ చెప్పాడు.
ఇటు లూసర్న్ గడ్డి మడి. అటు పాల కొట్టం.
నీళ్లు వదిలేనాటికి ఆయనకి పన్నెండేళ్లు.
ఆవుల్ని అంతకుముందే అమ్మేశారు.
అయినా ఆఖరిరోజున వాళ్ల నాన్న
వెనక్కి నడిచి వెళ్లి గేటు మూసి వచ్చాడట.
"గేటు తీసిపెట్టి పోయే అలవాటు లేదు ఆయనకి."

తెరమీద చూశాను.
అడుగున వరసగా, ఎడం ఎడంగా,
బురద అనుకున్న చిన్న చిన్న గీతలు.
గుంజలు.

మా భాషలో దీనికొక మాటుంది. ముంపు.
పెదాలు మూసి, తెరిచి, మళ్లీ మూసి పలకాలి.
దాన్ని ఇంగ్లీషులోకి తెద్దామని
"అండర్ వాటర్" అన్నాను, పేలవంగా.
"అవును" అన్నాడు, తెర మీంచి చూపు తీయకుండా.

నా దారం చుట్టేశాను.
ఎడమవైపు గాలం కర్ర అడక్కుండానే చేతికిచ్చాడు.
మడి దాటాం. కంచె వెంబడే వెళ్లాం.
ఒకచోట బాగా వంపు తిరిగాడు,
బావి అయ్యుంటుంది, నేను అడగలేదు.

పాల కొట్టం దగ్గర కర్ర విల్లయింది.
నలభయ్యొక్క సెంటీమీటర్లు, కంచురంగు వీపు,
కోపంగా ఉంది.
కొలిచి, తోక పట్టి, నీళ్లలో నెమ్మదిగా ఆడించి
వీపు మీద అరచేత్తో ఒకటి చరిచాడు:
"పో, లోపలికి పో."

ఇక నీ వంతు, విసురు, అన్నాడు.
విసిరాను.
చెయ్యి వణికిందో, గాలి తిరిగిందో,
పోయి కొమ్మకు చుట్టుకుంది.
దాన్ని విడిపించడానికి మోటారు ఆపాల్సొచ్చింది.
అందుకు అరగంట సణిగాడు.

పడవ కిందికి చేరేసరికి
చెవులు చిల్లులు పొడుస్తున్న ఇలకోళ్లన్నీ
ఒక్కసారి అరుపు ఆపాయి.
వాటి మధ్య నాది,
ఆకుపచ్చ రంగుది,
రెండు కొక్కేలతో వేలాడుతోంది.