పన్నెండో మెట్టు

కింద వెల్డింగ్ షాపు, పైన మా పుస్తకాలు.
నడుమ పదిహేడు ఇనప మెట్లు.
పన్నెండోది కదుల్తుంది.
పాతవాళ్ళు దాన్ని దాటేసి ఎక్కుతారు,
అది చప్పుడు చేసిందంటే
కొత్త మనిషన్నమాట.

ప్రతి రెండో శనివారం
పోటీ పరీక్షల బీరువాని గోడవారకి నెడతాం.
దానికి చక్రాలు బిగించింది కింది తాతారావే.
డబ్బులొద్దన్నాడు.
"మీ మీటింగు రోజున నా గ్రైండరు మాత్తరం ఆపమనకండి" అన్నాడు.
అందుకే శ్రీకాకుళంలో మా కవులకి
ఒక పాదం చదివి, ఆగి,
ఇనుము కోత పూర్తయ్యాక
రెండో పాదం ఎత్తుకోవడం అలవాటు.

టెంటు హౌసు కుర్చీలు ఇరవై.
వచ్చేది పద్నాలుగు మంది.
మిగతా వాటిలో సంచులూ హెల్మెట్లూ కూర్చుని వింటాయి.

ఒకసారి తప్పెటగుళ్ళ వాళ్ళని పిలిచాం.
గుండెల మీద రేకు తప్పెట, కాళ్ళకి గజ్జెలు.
మూడో గెంతుకి
పై అరలోంచి నిఘంటువు దూకింది.
గురువు పైడినాయుడు దాన్ని కళ్ళకద్దుకుని
"ఇదీ ఆడతాదేటి!" అన్నాడు.
ఆ రాత్రి గచ్చుకి పడిన పగులు
ఇంటాయన ఇంకా చూడలేదు.

ఈ నెల వైకుంఠరావు గారి పుస్తకం.
కరెంటాఫీసు కిటికీ వెనక
ముప్పయ్యేళ్ళు ఊరందరి బిల్లులూ పట్టుకున్న చేతులు
మొదటిసారి తన పేరున్న అట్టని పట్టుకున్నాయి.
రెండొందల కాపీలు.
అట్ట మీది పడవ హైమ వేసింది,
ఇంటరు రికార్డు పుస్తకాల్లో మిగిలిన రంగులతో.
ఆయన లేచి చదువుతున్నారు:
తెల్లవారుజామున సముద్రపు గాలి
మా నాన్న పడవని లోపలికి నడిపిందని.

పన్నెండో మెట్టు కదిలింది.

బయట వాన. కళ్ళేపల్లి దానమ్మ,
నెత్తిన ఎండు నెత్తళ్ళ బుట్ట,
ఆటో దొరక్క ఎక్కొచ్చింది.
బుట్టని గుమ్మం బయటే దించింది.
వాసన గుమ్మం దాకా ఆగలేదు.
ఎవరూ ముక్కు మూసుకోలేదని రాస్తే అబద్ధం,
ఇద్దరు మూసుకున్నారు.
హైమ ఒక హెల్మెట్‌ని లేపి కుర్చీ ఇచ్చింది.

చప్పట్లయ్యాయి. బాగుందంటే బాగుందన్నాం.
"బావూ" అంది దానమ్మ.
"తెల్లారగట్ల సంద్రం గాలేటి?
అప్పుడొచ్చీది కొండగాలి.
అదీ పడవని లోనకి తోసీది.
సంద్రం గాలి మజ్జానం లెగుస్తాది, ఇంటికి తెచ్చీస్తాది.
నువ్వు సెప్పినట్టయితే
మీ నాన ఏటకెల్లకుండా ఒడ్డునే ఉండిపోను."

కింద గ్రైండరు కూడా ఆగిపోయింది.
కల్పించడం లేదు,
తాతారావు టీకి వెళ్ళాడు.

వైకుంఠరావు గారు కళ్ళజోడు తీశారు,
తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.
"మా నాన్న పోయేనాటికి నాకు నాలుగేళ్ళు" అన్నారు.
"గాలి సంగతి చెప్పినవాళ్ళు లేరు."
తర్వాత నావైపు తిరిగి
పెన్ను ఉందా అన్నారు.

రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చున్నాం.
ముప్పై ఒకటో పేజీలో
'సముద్రపు' కొట్టెయ్యడం, పైన 'కొండ' రాయడం.
రకరకాల చేతిరాతలు. హైమది గుండ్రం.
టీ తాగొచ్చి కలిసిన తాతారావుది
కడ్డీలు నిలబెట్టినట్టు నిలువు,
తాకిన ప్రతి కాపీకీ వేలి మసి.
దానమ్మకి రాయడం రాదు, లెక్క వచ్చు.
ఇరవయ్యేసి చొప్పున పది కుప్పలు పెట్టింది,
నెత్తళ్ళు పెట్టినట్టే.

పుస్తకం ఇస్తే వద్దంది.
మూల పడున్న ప్రూఫు కాగితాలు చూసి
"అయ్యిచ్చీ, పొట్లాలకి పనికొస్తాయి" అంది.
ఇచ్చాను.

సోమవారం షట్టరు ఎత్తిన కాసేపటికి
మెట్టు చప్పుడు.
పైకొచ్చినాయన చేతిలో నూనె మరకల కాగితం,
ఉప్పు వాసన.
"దీని తరవాత పేజీ ఉందాండీ?"

ఉంది, అన్నాను.
గాలి మాత్రం మారింది,
కూర్చోండి, చెబుతాను.