మిగతా సగం

గడ్చిరోలి శిక్షణలో ఇచ్చిన కాగితం
నాలుగు మడతలు పడి, చాయ్ మరకంటి
పదకొండు రోజులు నా సంచిలోనే ఉంది.
పడవ మునుగుతోంది. పది వస్తువులు.
ఐదే ఉంచుకోవాలి.
గుంపులో నలుగురూ ఒప్పుకోవాలి,
చేతులెత్తించి లెక్కపెట్టడం లేదు.
అంతే ఆట.

సిరొంచ, ఏడో తరగతి.
పుస్తకం మరాఠీ, అల్లరి తెలుగు,
వెనక వరసలో అడవి దిగొచ్చిన మాడియా.
ఏ భాషలో నవ్వినా
మోగేది ఆ రేకుల కప్పే.

కాగితంలో దిక్సూచి ఉంది, సముద్రం పటం ఉంది,
పారాచూట్ కూడా ఉంది.
"ప్రాణహితల పారాచూట్ ఎందుకు బాయీ?"
అన్నాడు దుర్గం ఓదేలు.
నిజమే. అన్నీ కొట్టేశాను.
మీరే చెప్పండి, వరదొస్తే ఏం పట్టుకొస్తారో.

మేక. రేషన్ కార్డు. బియ్యం డబ్బా.
మిర్చి బస్తా. కుట్టుమిషను.
వల, టార్చి, సెల్లు ఛార్జరు,
అక్క పదో తరగతి పుస్తకాలు.
పదోది వంజె చెప్పింది, జూన్ నుంచి
నేను విన్న ఆమె మొదటి మాట:
సొరబుర్ర.
ఎవరో కిసుక్కుమన్నారు.
సుద్దముక్కతో అదీ రాశాను.

నాలుగు నిమిషాల్లో తేల్చేశారు
ఓదేలు, రజిత, సఫియా.
మొట్టమొదట పోయింది సొరబుర్రే.
వంజె తన కాలి వేళ్లు చూసుకుంటోంది.
"ఆమె ఏమంటలేదు బాయీ.
మౌనం అర్ధాంగీకారం అంటది మా అవ్వ."
"మరి మిగతా సగం?"
అనేశాను, ఆలోచించకుండానే.

ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో
ఇంటికెళ్లాక గాని తెలియలేదు.
పోయినేడు గ్రామసభలో
రిజిస్టరు నా ఒళ్లోకి వచ్చినప్పుడు
నేనూ నా కాలి వేళ్లే చూసుకున్నాను.
సర్వానుమతి అని రాసుకున్నారు.
కింద నా సంతకం
ముత్యాల్లా ఉంటుంది ఇప్పటికీ.

పట్టాముక్క గణగణమంది.
మిగతా గుంపులు పళ్లాలతో పరుగెత్తాయి.
ఈ నలుగురూ లేవలేదు, లేవమని నేనూ అనలేదు.
రజిత వంజె పక్కకు జరిగి కూర్చుంది.
సంతలో నేర్చిన మూడు మాడియా మాటల్లో
రెండు ఇక్కడ పనికిరావు.
చాలాసేపటికి వంజె అంది:
"ఏర్."

"ఏరా?" ఓదేలు పొట్ట పట్టుకున్నాడు.
"చుట్టూ ఏరేనాయె! మునిగేదే అండ్ల!"
వంజె నవ్వలేదు.
రజితా నవ్వలేదు.
"వాళ్ల దాంట్ల ఏర్ అంటే నీళ్లు రా.
తాగే నీళ్లు."

సఫియా పెన్ను మూత పెట్టింది.
"మేము రెండ్రోజులు మిద్దె మీదున్నం.
ఇంటి చుట్టూ నీళ్లే.
తమ్ముడు దూప దూప అని ఏడ్సిండు.
అమ్మ చున్నీని వానల తడిపి పిండింది వాని నోట్లె."
కాసేపు రేకుల కప్పు కూడా ఊరుకుంది.

సొరబుర్ర పడవెక్కింది.
ఎక్కితే ఒకటి దిగాలి కదా.
బియ్యం దిగదు, కార్డు దిగదు,
వలుంటే చేపలు. టార్చి లేకుంటే రాత్రి గడవదు.
మిగిలింది మేక.
మేక ఓదేలుది.

ఇప్పుడు వాడు మాట్లాడడం లేదు.
గోడ మీది భారతదేశం పటంలో
ఏదో వెతుకుతున్నాడు.
"మౌనం అర్ధా..." అని సఫియా మొదలుపెట్టి
నాలుక కరుచుకుంది.

కాగితం వెనక సన్న అక్షరాల్లో
సమయం ఇరవై నిమిషాలు అని ఉంది.
యాభై దాటాయి.
వంటాయమ్మ తలుపులోంచి తొంగి చూసి
నా ముఖం చూసి పోయింది.

చివరికి ఓదేలు
ఎవరూ నమ్మని గొంతుతో అన్నాడు:
"మేకకు ఈతొస్తది. దింపుండ్రి."

ఇద్దరు ఊపిరి వదిలారు.
నేను సుద్దముక్క ఎత్తాను.

వంజె అడ్డంగా తలూపింది.
వాడి కళ్లలోకి చూస్తూ
ఇంకోసారి, మెల్లగా.

కిచిడీ చల్లారిపోయింది.
ముందుకు జరిగి కూర్చున్నారు నలుగురూ,
మళ్లీ మొదటి వస్తువు నుంచి.