ఎడమ దిక్కు గుర్రం

ఖిల్లా వరంగల్ల రాతి తోరణాల కాడ
ఐతారం ఐతారం జోడుగుర్రాల బండి కడ్త.
పెద్దలకు ముప్పై, పిల్లలకు ఇరువై,
ఒడిల కూసునేటోళ్ళకు లెక్క లేదు.
తూర్పు దర్వాజ దాంక పోయి
మట్టికోట మలుపుల మర్లి వస్త.

మా నాయినది కాజీపేట టేషన్ కాడ ఒంటిగుర్రం టాంగా.
జోడు తోలుడు నేర్పింది జహంగీర్ చాచా:
"ఒంటిగుర్రం నీ మాట ఇంటది యాకూబూ,
జోడు గుర్రాలు ఒకదాని మాట ఒకటి ఇంటయి.
నడుమల నువ్వు ఆగం జెయ్యకు, గంతే."

కుడి దిక్కు సితార. పదకొండేండ్ల సంది నాతోనే.
ఎడమ దిక్కు బాద్షా ఉండె.
పోయిన ఎండకాలం కడుపునొప్పి లేసి
ఒక్క రాత్రిల పోయింది.

వారం రోజులు సితారను ఒక్కదాన్నే చిన్నబండికి కట్టిన.
తొవ్వ నడుమకు రాదు.
కుడి అంచు పట్టుకునే పోతది,
పక్కన ఇంకో గుర్రం పట్టేంత జాగ ఇడిసి.
ఆటోలోళ్ళు హారన్ గొట్టి తిట్టిన్రు:
"గంత జాగ ఎవనికే, అన్నా?"
ఏం జెప్పాలె.

జనగామల బ్యాండుమేళం కొమురెల్లి
తెల్లగుర్రం అమ్ముతాండంటె పోయి తెచ్చిన.
పేరు హీరో.
ఎంతమంది పెండ్లికొడుకులను మోసిందో,
మెడ మీద జరీపట్టీ రాపిడికి ఎంటికలు ఊడినయి.
బండి అంటె ఎరుకలేదు.
ఎనుక చక్రం కిర్రుమన్నా బెదురుతది.
కుడి చేతిల పగ్గం ఉన్నట్టే ఉండది నాకు,
ఎడమ చెయ్యి బొబ్బలెక్కింది.
సితార సుత నొగకు జానెడు దూరం జరిగే నడుస్తది,
కొత్తదాని చెమట వాసన పడనట్టు.

మొన్న నర్సంపేట టీచరమ్మ
పదకొండుమంది పిల్లలను ఎక్కించింది.
శంభునిగుడి మలుపుల పెండ్లి ఊరేగింపు ఎదురొచ్చింది.
డప్పులు, తాషాలు, ఎనుక డీజే.

హీరో ఆగింది. చెవులు నిలబెట్టింది.
ఆడుడు షురూ జేసింది!
మెడ వంచి, ముందటి కాళ్ళు ఒకటెన్క ఒకటి లేపి,
కొమురెల్లి నేర్పినట్టే, ఒక్క దరువు తప్పకుంట.
నొగ కిర్రున వంగింది.
పిల్లలు సప్పట్లు. టీచరమ్మ "ఆపన్నా, ఆపు" అని ఒకటే మొత్తుకునుడు.
కొరడా మీదికి చెయ్యి పోయింది.
కొట్టలే.
బెదిరిన గుర్రాన్ని కొడితె అది ఉరుకుతది,
ఎనుక పదకొండుమంది.

గప్పుడు సితార ఆ జానెడు దాటింది.
నొగ మీదికెల్లి భుజం తెచ్చి
హీరో భుజానికి ఆనిచ్చింది,
ఇరుకు బస్సుల పక్క సీటామె ఆనినట్టు.
ఊరేగింపు పోయేదాంక గట్లనే నిలబడ్డది.
పూలు కట్టిన కారులకెల్లి
పెండ్లికొడుకు తల బయటపెట్టి చూసిండు.
హీరో గిట్టలు మెల్లగైనయి. ఆగినయి.

"ఛల్" అందామనుకున్న.
నోరు తెరిచేలోపల రెండూ కదిలినయి.

రాత్రి బొబ్బలకు పసుపు రాసుకొని
ఉడికిన ఉలువలు ఇద్దరికీ ఒక్క తొట్టిలనే పోసిన.
హీరో తొందరపడి ముందుగాల మూతి పెట్టింది.
సితార చెవులు ఎన్కకు మలిపి
మెడ మీద కచ్చుక్కున కొరికింది.

బాద్షాను సుత గట్లనే కొరికేది.