శేషం

రాత్రి రెండున్నర. చినవాల్తేరులో ఇంకా కరెంటుంది.
నాలుగొందల కోర్లు బంగాళాఖాతాన్ని
తలా ఓ ముక్క పంచుకుని
సరిహద్దుల దగ్గర మాత్రం
ఒకదాన్నొకటి అడుగుతున్నాయి:
మీ వైపు నీళ్లెంత?

నేను శేషాన్ని చూస్తూ కూర్చున్నాను.
సున్నా పాయింట్ సున్నా నాలుగు.
మళ్లీ సున్నా పాయింట్ సున్నా నాలుగు.
దిగదు.
ఫ్లాస్కులో టీ మాత్రం దిగిపోయింది.

అల ఒక త్రిభుజాన్ని దాటిపోకముందే
రెప్ప ఎత్తి చూడాలి. లేదంటే లెక్క పేలిపోతుంది.
మొన్న అలాగే డాల్ఫిన్స్ నోస్ మీద
తొమ్మిదొందల మీటర్ల నీళ్లు నిలబడ్డాయి.
కాసేపు నవ్వుకున్నాం.
అండమాన్ దగ్గర గాలి సుడి తిరిగిందన్నాక
ఎవరం నవ్వలేదు.

పొద్దున్నే సూరాడ ఎల్లాజీ వచ్చాడు,
హార్బరు టైడ్ గేజి పైపులో గుల్లలు గీకే మనిషి.
గోడమీది పటం చూసి,
"ఇదేటమ్మా, వలా?"
వలే, అన్నాను.
నడిసముద్రంలో పెద్ద కళ్లు,
ఒడ్డుకొచ్చేకొద్దీ చిన్నవి.
ఒక్కో కన్నూ వేలితో తడుముకుంటూ వచ్చి
పెదజాలరిపేట దగ్గర ఆగాడు.
"బాగానే అల్లినారు. ఇక్కడ సిరిగింది."

చిరగలేదు. నూటఎనభై మీటర్ల ఒకే కన్ను.
దాని నడుమ నుంచి ఓ గెడ్డ పోతుంది,
పన్నెండడుగుల వెడల్పు.
నా సమీకరణంలో అది లేదు,
సగటు కింద పూడిపోయింది.
"నీళ్లు మా ఇళ్లల్లోకి సముద్రం నుంచి రావమ్మా.
ఎనక నుంచి వస్తాయి."

ఆ కన్ను కోసి వెయ్యి కళ్లు అల్లాను.
గెడ్డకి లోతు ఎంతంటే
నడుందాకా అని చూపించాడు, రాసుకున్నాను.
కాలాన్ని అర సెకనుకి తెంచాను.
ఇప్పుడు అఖాతమంతా
నాలుగు వేల మీటర్ల లోతుతో సహా
ఆ గెడ్డ నడక నడుస్తోంది.
క్యూలో వెనకున్న పిల్లాడు అడిగాడు,
మీదెప్పుడవుతుంది మేడమ్?
ముప్పైయొక్క గంటలు.
గాలికి ముప్పైయారు చాలు.

ఇరవయ్యారో గంటకి శేషం కదిలింది.
సున్నా పాయింట్ సున్నా సున్నా తొమ్మిది.
సున్నా అయితే ఎప్పుడూ కాదు,
ఎక్కడ ఆపాలో నేనే చెప్పాలి.
ఆపాను.
తెర మీద నీలం
గెడ్డ పట్టుకుని ఎగబాకి
వెనకవీధిలోకి తిరిగింది.

ఫోన్ చేశాను: వెనకవీధి ముందు ఖాళీ చెయ్యండి.
హోరులో ఎల్లాజీ గొంతు:
"నిన్ననే సేసీసినాం తల్లీ.
నీ లెక్క ఇప్పుడయిందేటి?"