సగం ఈల

హెర్మీగ్వా లోయకి ఆ గట్టున మా ఇల్లు,
ఈ గట్టున నేను గెలలు కోసే అరటితోట.
మధ్యలో అంత లోతు. ఫోను సిగ్నలు గాలివాటం.
మా దీవిలో పిల్లల్ని ఈలేసి పిలుస్తాం,
బళ్లో ఎక్కాలయ్యాక ఈలల పాఠం.

ఇదైరాకి తొమ్మిదేళ్లు.
వేలు మడిచి నోట్లో పెట్టిందంటే
"అమ్మా, పాలు పొంగిపోయాయి" అని కూడా
పొల్లు పోకుండా లోయ దాటించేది.

మంగళవారం చెవిపోటంది.
చెవి దొప్పలో ఆవగింజలంత పొక్కులు.
చీమ కుట్టిందేమోలే అని నూనె రాశాను.
శుక్రవారం పొద్దున పుక్కిలించిన నీళ్లు
ఎడమ మూలనుంచి గౌను మీదికి కారాయి.
ఏదీ, నవ్వమన్నాను.
సగం మొహం నవ్వింది.
సగం, తాళం వేసిన దుకాణం.

పడవెక్కి తెనెరీఫె పెద్దాసుపత్రికి పోయాం.
"చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?"
పోసింది, రెండో ఏట. పొక్కులు లెక్కపెట్టాను కూడా.
వెళ్లిపోయిందనుకున్నాం.
వెళ్లలేదట. ఆటలమ్మ కదా,
దాగుడుమూతలాడుతూ చెవి లోపలి నరంలో
ఏడేళ్లు ఊపిరి బిగబట్టి కూచుందట.
ఇప్పుడు సర్పి అని పేరు మార్చుకుని బయటికొచ్చింది.
"పిల్లల్లో అరుదు. రాదని కాదు"
అంటూ డాక్టరమ్మ మాత్రలు రాసింది.
మొహం తిరిగొస్తుందా అంటే
"చాలామందికి" అంది.
ఆ చాలామందికి అవతల ఎందరున్నారో
తిరుగు పడవలో లెక్కేస్తూ కూచున్నాను.

రాత్రిళ్లు మూతపడని కంట్లో చుక్కలు వేసి
రెప్ప మీద టేపు అంటిస్తాను.
"వద్దమ్మా, అది కాపలా కాస్తోంది" అంటుంది.
ఈతపాకం నాకిస్తే
"కుడిపక్క తీపి, ఎడంపక్క ఉత్త జిగురు."
ఈలల పాఠం రోజున మాత్రం
కడుపునొప్పి వస్తుంది.

నిన్న సాయంత్రం, గెల భుజాన ఉండగా
ఆ గట్టునుంచి ఏదో వచ్చింది.
ఈల కాదు. ఈలకీ గాలికీ మధ్య ఏదో.
సైకిలు ట్యూబు దిగినట్టు తుస్సుమని,
చివర్లో సన్నగా ఒక్క జీర.
వాలిన పెదవిని రెండో చేత్తో ఎత్తి పట్టుకుందట,
తర్వాత చెప్పింది.
ఏమందో నాకు అంతుపట్టలేదు.
పాలా? ఆకలా? అమ్మలో సగమా?
లోయ అడుగున మేకలు తోలుతున్న బెర్నబే
తలెత్తి, ఎవరిదా గొంతు అని ఈలేశాడు.

గెల దించాను.
వేలు నోట్లో పెట్టుకున్నాను.
రెండు పెదవులూ బాగానే ఉండి కూడా
మొదటిసారి నాకూ తుస్సుమంది.
రెండోసారి బెర్నబేకి చెప్పాను: నాదే.
ఆ తర్వాత ఆ గట్టుకి:
మళ్లీ చెప్పు.