పద్నాలుగో నంబరు పన్ను

పేటెంటు బొమ్మకు నీడ ఉండొద్దు, రంగు ఉండొద్దు.
నల్లగీత, గీతకో బాణం, బాణానికో నంబరు.
ములుగు రోడ్డు షెడ్ల నడుమ
ఓదెలన్న లేత్ పక్కన స్టూలేసుకొని
నేనట్ల గీసిన మొదటి బొమ్మ
ఒక కుక్కర్ మూత.

పది, పిడి.
పన్నెండు, స్ప్రింగు.
పద్నాలుగు, పన్ను.
"సర్కారుకు కట్టే పన్ను గాదు తమ్మీ,
నోట్లె పన్ను. కొరికి పట్టుకునేది."
అసొంటివి మూడు.
టిక్, టిక్, టిక్.
మూడోది పడితేనే మూసినట్టు.

కనకవ్వ కుడిచేతికి మూడే వేళ్ళు.
కడమ రెండు
ఎనుమాముల తొవ్వల కారం గిర్నీ బెల్టు తీసుకున్నది.
ఆమెకు ఒంటిచేత్తో మూత రావాలె,
లోపల ఆవిరుంటే మాత్రం రావొద్దు.
గంతే ఆయన కనిపెట్టింది.
గంతే అనేటందుకు పదకొండు మూతలు పాడైనయి,
ఒకటి పైకప్పు రేకుల దిగి
ఇంక అట్లనే ఉన్నది.

అర్జీల భాష వేరే.
"సదరు పిడి సదరు స్ప్రింగును నొక్కినచో..."
అందుల కనకవ్వ పేరు రాదు,
"వాడుకరి" అని రాసినం.
పోయిన వేళ్ళకు బాణం గీయలేదు.

చెన్నై నుంచి ప్రశ్న వచ్చింది.
ఇందులో కొత్తదనమేమి?
పట్కారు ఉన్నది, గొళ్ళెం ఉన్నది,
ఇవన్నీ పూర్వమే తెలిసినవి కదా?
నూనె చేత్తోటి ఆ కాయితం పట్టుకొని
ఓదెలన్న శానాసేపు చూసిండు.
"నిజమే. గొళ్ళెం తెల్వనిదెవలికి?
గాబరల ఉన్న మనిషికి
ఆగు అని చెప్పే గొళ్ళెం ఉన్నదా అడుగు."
దాన్ని నేను మర్యాదగల మాటల్లకు మార్చిన.
ఏడాదిన్నరకు ముద్ర పడ్డది.

పక్క పోర్షన్ల థియేటర్ సిస్టర్ సలోమి
ఉల్లిగడ్డకని వచ్చి వాకిట్లనే ఆగింది.
"ఆ టిక్కు మళ్ళోసారి వినిపియ్యక్కా."
తర్వాత షెడ్డుకే వచ్చింది, డ్యూటీ దిగి, చెప్పులతోటే.
"కడుపు కోసినంక అంచులు లాగి పట్టుకునే పిల్లలుంటరన్నా.
రాత్రి నిద్ర ఉండదు వాళ్ళకు.
మూడో గంటకు చేతులు వణుకుతయి.
వణకని చెయ్యి ఒకటి చేస్తవా?"

రెండో బొమ్మ.
పన్ను అదే, నంబరు కూడ అదే పెట్టుమన్నడు.
లోహమే మారింది.
అక్కడ పనిముట్టుల పప్పు ఉడుకుతది,
ఇక్కడ పనిముట్టే ఉడుకుతది.

పేటెంటు బతకాలంటే ఏటేటా పైసలు కట్టాలె.
"ఇగో, ఇప్పుడైతే నిజంగ పన్నే" అన్నడు.
రెంటికీ సరిపోలేదు.
వణకని చేతికి కట్టి
మూతను వదిలేసిండు.

వరంగల్ చౌరస్తల బకెట్ల పక్కన
కుప్పవోసి అమ్ముతుండ్రు, అవే మూతలు.
నాకు రక్తం మసిలింది.
ఆయన ఒకటి తీసి చెవి కాడ పెట్టుకొని నొక్కిండు.
ఇంకొకటి. ఇంకొకటి.
"పన్ను తప్పు కోసిండ్రు" అన్నడు,
దొంగతనం ఊసే లేదు.
జేబుల నుంచి సన్న ఆకురాయి తీసి
అమ్మే పిల్లగాడు బిత్తరపోయి చూస్తుంటే
ఫుట్‌పాత్ మీద కూసొని
మాపటిదాక రాకుతనే ఉన్నడు.

మొన్న శ్రావణంల కనకవ్వకు గర్భసంచి తీసిండ్రు.
నడుముకిచ్చిన మత్తు,
నొప్పి లేదు గాని తెలివున్నది.
అడ్డంగ పచ్చబట్ట,
అవతల తన కడుపు.
టిక్.
టిక్.
"రెండే పడ్డయి సిస్టరమ్మా" అన్నదట,
"ఇంకో పన్నుంటది, సూడుండ్రి."
డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయిందట.

వరండాల ఈ ముచ్చట చెప్పుకుంట
సలోమి నవ్వుతనే ఉన్నది, నేను కూడ.
ఓదెలన్న నవ్వలేదు.
"పడ్డదా," అని అడిగిండు,
"మూడోది?"